మట్టియావు, ఇత్తడి యింజను

నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో ఆ సంస్థానాధీశుఁడు నడిపించిన రెండున్నర యడుగుల వెడల్పు గల చిన్న రైలుమార్గము, పిదప గుణుపురము వఱకు పొడిగింపఁబడి, శతాబ్దమునకు మించి జనులను మోసి, 2004లో విరమించి, 2011 నాటికి బ్రాడ్‌గేజిగా మాఱినది. ఆ లుప్తమార్గపు టింజనును ఇత్తడి రేకుతో 87వ వంతున నిర్మించువాని బల్లపై 762 మిల్లీమీటర్ల పట్టాల యెడము ఇంచుమించు 9 మిల్లీమీటర్లగును. అంగడిలో దొరకు ఎన్‌గేజి బొమ్మరైలు పట్టాలే సరిపోవుట యొక చిన్న యదృష్టము. కాని యతఁడు నిర్మించినది దేనిని?

గౌతముని న్యాయసూత్రములయందు మట్టియావు ప్రసక్తి కలదు: వ్యక్తియు, ఆకృతియు నున్నను గోత్వజాతి లేనందున దానిని ప్రోక్షింపరు, దానమీయరు. ఈ వాదము చొప్పున బొమ్మబండి బండి కాదు. అందెవ్వరును టికెట్టు కొనరు. అయితే నేఁడు నౌపడాలో నడచు పెద్దబండికి జాతి దక్కినను పూర్వాకృతి లేదు. జాతియు, ఆకృతియు విడిపోయినప్పుడు ఆ పాతబండి యెచ్చట నున్నది? మిళిందరాజు రథమును మాటలలో విడదీసి చూపిన బౌద్ధభిక్షువు నాగసేనుఁడు, అవయవములకు వేఱుగా బండి యెన్నఁడును లేదనును. ఆ సమాధానము నాకు తొందరపాటుగా తోఁచును. ఏలనన, పాత ఛాయాచిత్రమును భూతద్దమున పరికించి, ఒక్క రివెట్టు తప్పినదని రేకును మరల కోయు శిల్పి, లేనిదానికి జవాబుదారి యగుట యెట్లు? వినాయకుని ప్రతిమకు ఆవాహనము, ఉద్వాసనము కలవు. ఈ యింజనుకు రెండును లేవు. అయినను దాని తప్పొప్పులను నిర్ణయించునది నేఁడు నడచు బండి కాదు, గతించిన బండియే.