తంగేడు వగరు

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దిక్కు పోతుంటే మొరం నేలల్లో, గుండ్ల సందుల్లో, చెరువు కట్టల వెంట తంగేడు పొదలు కనిపిస్తాయి. వాటిని ఎవరూ నాటరు, నీళ్లు పోయరు. ఎండలకు గుట్ట మీది గడ్డంతా మాడిపోయినా తంగేడాకు పచ్చగానే ఉంటుంది. మేకలు పక్కనున్న రేగుకంపను ముళ్లతో సహా నములుతాయి గానీ దీని జోలికి పెద్దగా పోవు. ముల్లు చేయలేని కాపలా వగరు చేస్తున్నది.

ఆ వగరే మనిషి కంట పడింది. తంగేడు బెరడులో నూటికి 18 పాళ్ల దాకా టానిన్ ఉంటుంది. పచ్చితోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, దంచిన తంగేడు చెక్కతో లందలో, అంటే తోళ్ల తొట్టిలో, ఊరేస్తే కుళ్లిపోవాల్సిన తోలు చెప్పయింది, మోటబావి తొండమయింది. ఆ తొండం తోడిన నీళ్లతోనే ఊరి పొలాలు పారాయి. లంద మాత్రం కంపు కొడుతుందని ఊరవతలే ఉండిపోయింది, దాని పక్కన పనిచేసిన మాదిగలతో సహా.

అదే చెట్టు పువ్వు పెత్రమాస రాగానే గునుగుతో కలిసి బతుకమ్మ అవుతుంది. దగ్గరగా చూస్తే తమాషా పువ్వు. అయిదు పసుపు రేకులు, అంచులు ముడతలు. తేనె చుక్క కూడా ఉండదు. పుప్పొడి సంచుల కొసకు సన్నటి రంధ్రాలు. నల్ల తుమ్మెద వాటిని పట్టుకుని ఒళ్లంతా వణికించి ఝుమ్మంటే తప్ప పుప్పొడి రాలదు. 2014లో దీన్ని తెలంగాణ రాష్ట్ర పుష్పం చేశారు. సంతోషమే. కానీ ఆ గౌరవంలో బెరడుకూ దాన్ని దంచిన చేతులకూ వాటా దక్కలేదని నాకనిపిస్తుంది. పువ్వును పొగిడే మాటల్లో లంద ఊసే రాదు.

ఇన్నాళ్లు తంగేడును కాపాడింది వగరొక్కటే కాదు, ఆ రాతినేల ఎవరికీ అక్కరలేకపోవడం కూడా. ఇప్పుడు ఆ రాయికి ధర వచ్చింది. కరీంనగర్ గుట్టల గ్రానైట్ ఓడలెక్కి చైనా దాకా పోతున్నది, ఊరి పక్క బంచరాయి ప్లాట్లవుతున్నది. మేకను ఆపిన వగరు పొక్లెయిన్‌ను ఆపుతుందా? బతుకమ్మ నాళ్లలో తంగేడు కట్టలు మార్కెట్లో కొంటున్నాం. ఎక్కడ కోసుకొచ్చావని అడిగితే, అమ్మే ఆమె చెప్పే ఊరు ఏటేటా దూరం జరుగుతున్నది.