బాధితులకు తెలియని ఒప్పందం



మఖ్జూమ్ తెగకు చెందిన ఒక గొప్పింటి స్త్రీ దొంగతనంలో పట్టుబడింది. ఆమెకు శిక్ష తప్పించమని సిఫారసు చేయడానికి, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)కు ఎంతో ప్రియమైన ఉసామా బిన్ జైద్ (రజి)ను ఖురైషీయులు పంపారు. ప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. గొప్పవారిని వదిలేసి బలహీనులను శిక్షించడం వల్లే పూర్వజాతులు నాశనమయ్యాయని హెచ్చరించారు. ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. అయితే ఉసామా (రజి) ఏం చేశారో అంతగా పట్టించుకోం. తన కోసం అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోమని ఆయన ప్రవక్త (స)ను అర్థించారు. దొంగిలించింది ఆయన కాదు, నోటిమాట సాయం చేశారంతే!

ఇప్పుడు అమెరికాలో జరిగిన ఒక ఉదంతం చూద్దాం. ఫ్లోరిడాలోని పామ్‌బీచ్‌లో జెఫ్రీ ఎప్‌స్టీన్ అనే కోటీశ్వరుడు డబ్బు ఆశచూపి మైనరు బాలికలను ఇంటికి రప్పించుకుని లైంగిక దౌర్జన్యం చేస్తున్నాడని 2005లో పోలీసు దర్యాప్తు మొదలైంది. తర్వాత ఫెడరల్ ప్రాసిక్యూటర్లు 53 పేజీల ముసాయిదా అభియోగపత్రం సిద్ధం చేశారు. అది కోర్టు ముఖం చూడలేదు. అక్కడి ఫెడరల్ ప్రాసిక్యూటర్ అలెగ్జాండర్ అకోస్టా కార్యాలయం 2007 సెప్టెంబరులో నిందితుడితో ఒప్పందం చేసుకుంది. రాష్ట్ర కోర్టులో చిన్న నేరాలు ఒప్పుకుంటే ఫెడరల్ కేసు ఉండదు. అతనికి తోడ్పడిన నలుగురిపైనా, పేర్లు లేని ఇతరులపైనా కూడా ఉండదు! 18 నెలల శిక్షలో అతను గడిపింది దాదాపు 13 నెలలు. అందులోనూ వారానికి ఆరు రోజులు, రోజుకు 12 గంటల దాకా బయటి ఆఫీసులో ఉండే వెసులుబాటు.

అంతకన్నా బాధాకరమైన విషయం మరొకటుంది. సంతకాలయ్యాక, 2008 జనవరిలో, కొందరు బాధితులకు ఉత్తరాలు వెళ్లాయి. కేసు ఇంకా దర్యాప్తులో ఉంది, ఓపిక పట్టండి అని!

రాష్ట్రానికే వదిలేస్తే జైలు శిక్ష కూడా పడేది కాదని అకోస్టా తర్వాత చెప్పుకున్నారు. బాధితులకు చెప్పకపోవడం చట్ట ఉల్లంఘనేనని 2019లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి తేల్చారు. అభియోగాలే నమోదు కానప్పుడు ఆ చట్టం కింద దావా చెల్లదని 2021లో పైకోర్టు అంది. 2019 జూలైలో ఎప్‌స్టీన్ మళ్లీ అరెస్టయ్యాడు. అకోస్టా కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆగస్టులో ఎప్‌స్టీన్ జైల్లోనే చనిపోయాడు. అతన్ని కోర్టులో నిలదీసే అవకాశం ఆ ఆడపిల్లలకు ఇక దక్కలేదు.

ధనికుడైనా, పేదవాడైనా న్యాయంపై స్థిరంగా నిలబడమని అన్నిసా సూరా 135వ ఆయతులో అల్లాహ్ మనల్ని ఆదేశించాడు. మరి మన మహల్లాల్లో ఏం జరుగుతోంది? ఆడపిల్లకు అన్యాయం జరిగితే పెద్దలు కూర్చుని రాజీ కుదురుస్తారు. పరువు గురించి మాట్లాడతారు, డబ్బు గురించి మాట్లాడతారు, చాయ్ తాగుతారు. ఆ పిల్ల లోపలి గదిలో ఉంటుంది. ఆమెను ఎవరూ పిలవరు.