జిజ్ఞాస: ప్రయోజనమా, లీలా?

ప్రయోజనం లేనిదే మందబుద్ధి కూడా పనికి పూనుకోడన్న న్యాయంతో మీమాంసకుడు కుమారిల భట్టు సృష్టికర్త ఉనికినే ప్రశ్నించాడు; ఇలాంటి ఆక్షేపణకే, ఏ కొరతా లేని ఈశ్వరునికి సృష్టి కేవలం లీల, అంటే ఫలాపేక్ష లేని ఆట అని అతనికంటే ముందే బ్రహ్మసూత్రాలు సమాధానం చెప్పాయి. ఉపయోగం చూపలేని మౌలిక విజ్ఞానశాస్త్రాన్ని సమర్థించేవారు తరచు ఆశ్రయించేది ఈ లీలావాదాన్నే.

చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లెకు పడమట, కర్ణాటక సరిహద్దుకు అవతల ఉన్న కోలారు బంగారు గనులు ఈ వాదానికి మంచి పరీక్ష. కార్మికులు బంగారానికి దిగిన ఛాంపియన్ రీఫ్ గనిలోకే టాటా మౌలిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు మ్యూయాన్లను, అనగా విశ్వకిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టి రాతిలోకి సైతం చొచ్చుకుపోయే కణాలను, లెక్కించడానికి దిగారు. లోతుకు పోయేకొద్దీ లెక్క తగ్గుతూ వచ్చి, 1960ల తొలినాళ్లలో మిక్కిలి లోతైన చోట సుమారు రెండు నెలలు పరికరాలు ఒక్క మ్యూయాన్‌నూ పట్టలేదు. బంగారం తవ్వేవాడికి అది వట్టి గుంట; కాని అంతటి నిశ్శబ్దంలోనే న్యూట్రినో, అంటే విద్యుదావేశం లేకుండా భూగోళాన్నే దాటిపోగల, పదార్థానికి అత్యంత అరుదుగా తగిలే కణం, తన జాడ వదలగలదు. 1965లో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్ తదితరులు జపాన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులతో కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. దాదాపు అప్పుడే దక్షిణాఫ్రికా గనిలో మరో బృందమూ పట్టింది.

దీన్ని లీల అనడం పొగడ్తే గాని నిజం కాదు. బ్రహ్మసూత్రాలకు భాష్యం రాసిన శంకరులు లీలకు దృష్టాంతంగా చూపినది కోరికలన్నీ తీరిన రాజును. శాస్త్రజ్ఞుడికైతే జీతం, పరికరం, గని యాజమాన్యం అనుమతి అన్నీ కావాలి. ఇంతకంటే బ్రహ్మసూత్రాలు తొలి సూత్రంలోనే నిలిపిన జిజ్ఞాస తగిన మాట: తెలుసుకోవడాన్ని చెప్పే ధాతువుకు కోరికను తెలిపే ప్రత్యయం చేరిన ఈ పదం ఒక కొరతనే చెబుతుంది, ఆ కొరత తీరేది తెలియడంతోనే. అప్పుడు కుమారిలుని న్యాయమూ చెడదు. చెడేది ప్రయోజనమంటే రాబడి అనుకొనే లెక్క ఒక్కటే.

అయితే ఆ లెక్కకూ బలం లేకపోలేదు. 1980లలో ప్రోటాన్ క్షయిస్తుందా అని అదే గనిలో వెతికారు, క్షయం ధ్రువపడలేదు. బంగారం గిట్టుబాటు కాక లోతు పనులు మూతపడుతుండగా 1990ల తొలినాళ్లలో పరిశోధన ఆగింది, 2001లో గనే మూతపడింది.