నాగమ్మ ఒక్కతెదేనా నేరం?

పల్నాటి యుద్ధాన్ని ఆంధ్రుల కురుక్షేత్రమంటారు. పన్నెండవ శతాబ్దంలో ఒక తండ్రి బిడ్డలే మాచర్లలో ఒకరు, గురజాలలో ఒకరు గద్దెలెక్కారు. చివరకు కారెంపూడి వద్ద వారి సేనలు ఒకదాన్నొకటి హతమార్చుకున్నాయి. ఈ అంతర్యుద్ధాన్ని మన చిత్రసీమ రెండు పర్యాయాలు తెరకెక్కించింది. 'మాలపిల్ల', 'రైతుబిడ్డ' తీసిన గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా, ఆయన మరణానంతరం ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన చిత్రం 1947లో వచ్చింది. అందులో బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మ కన్నాంబ. 1966లో గుత్తా రామినీడు తీసిన చిత్రంలో ఆ పాత్రలను ఎన్.టి. రామారావు, భానుమతి ధరించారు.

ఇటువంటి చిత్రాన్నుండి మనం ఏ సత్యాన్ని కోరాలి? కిరీటాలు, కత్తులు, కోటగోడలు ఆ కాలానివేనా అని తరచి చూడడం ఒక పద్ధతి. కాని మనకున్న ఆధారమేమిటి? శ్రీనాథుని పేర వెలసిన 'పల్నాటి వీరచరిత్ర' యుద్ధం జరిగిన రెండు శతాబ్దాల తర్వాతి కావ్యం. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని అచ్చువేయించింది 1911లో. ఇంకొకవైపు వీరవిద్యావంతులు తరతరాలుగా ఆ కథను నోటితో నిలిపారు. కాబట్టి అక్షరాలా సత్యం కావాలనడం అత్యాశే. అయితే, ఆధారాలు చాలవు గనుక ఏది చూపినా చెల్లుతుందనడం అంతకంటె పెద్ద మోసం.

ఇంగ్లండులో గులాబీల యుద్ధాలు కూడా దాయాదుల పోరే. ఆ పోరులో ఓడి చచ్చిన మూడవ రిచర్డును షేక్స్పియరు గూనివానిగాను, హంతకునిగాను చిత్రించాడు. 2012లో లెస్టరులో ఆ రాజు అస్థిపంజరం బయటపడింది. వెన్నెముక నిజంగానే వంకర. అంతమాత్రాన హత్యలు రుజువైనట్లా? వేషం నిజమైనా నింద అబద్ధం కావచ్చు. నటుని బాధ్యత ఈ రెండింటి నడుమనే ఉన్నది.

నాగమ్మ సంగతి చూద్దాం. రాచపుట్టుక లేని ఒక స్త్రీ మంత్రిణియై రాజ్యం నడిపింది. కథ ఆమెను కుట్రదారుగా నిలిపింది; కోడిపందెమే సర్వనాశనానికి మూలమంది. మా అంబాజీపేట చుట్టుపట్ల ఈ కథకు భాష్యం చెప్పనక్కరలేదు. సంక్రాంతికి కోనసీమలో బరులు వెలుస్తాయి, పుంజులకు కత్తులు కడతారు. కొబ్బరితోట తాకట్టుపెట్టి పందెం కాసి ఓడినవాడు పుంజు వల్ల చెడ్డానంటే నవ్వనివారుండరు. పల్నాటిలోనూ పందెం నెపం మాత్రమే. పందెంలో ఓడి వలసపోయినవారు గడువు తీరి తమ భాగం అడిగితే ఇవ్వలేదు. రాయబారానికి వెళ్ళిన అలరాజును విషంపెట్టి చంపారు అని కథే చెబుతున్నది. అసలు తగవు భూమిమీద, శిస్తుమీద, అధికారంమీద. ఆ తగవును ఒక ఆడదాని పగగా కుదించితే, పంచుకున్న రాజులూ, పోరుకు సిద్ధపడ్డ వీరులూ అందరూ నిర్దోషులై కూర్చుంటారు.

అట్లని నాగమ్మను దేవతను చేయమనడంలేదు. బ్రహ్మనాయుని చాపకూడు, మాల కన్నమదాసును సేనానిగా నిలిపిన సాహసం మనకు గర్వకారణాలే. కాని ఒకే చాపమీద అన్నం పెట్టిన నాయకుడు ఆ పంక్తినంతటినీ రణరంగానికి నడిపించాడు. సుబ్బారావైనా, రామారావైనా, రేపు మరొకరైనా, ఆ పాత్ర ధరించే నటుడు ఈ భారాన్ని ముఖంలో మోయాలి. నాగమ్మ పాత్రధారిణి కూడా ఆమె ఎందుకు తలవంచలేదో మనకు తెలిసేటట్లు నటించాలి.

నాటకానికి ప్రతినాయకుడు కావాలి గదా, కళాకారునికి స్వేచ్ఛ వద్దా అని కొందరంటారు. సన్నివేశం కల్పించే స్వేచ్ఛ ఉన్నది, సంభాషణ కల్పించే స్వేచ్ఛ ఉన్నది. నేరాన్ని ఒకరి నెత్తినుండి దించి మరొకరి నెత్తిన పెట్టే స్వేచ్ఛ మాత్రం ఎవరికీ లేదు. చచ్చినవారు లేచి వచ్చి తమ పక్షం చెప్పుకోలేరు. 1947లోనే దేశం రెండుగా చీలి, ఇరుగుపొరుగువారు ఒకరి నెత్తురు ఒకరు కళ్ళజూశారు. అన్నదమ్ముల కొట్లాటకు కారణం ఎక్కడ వెదకాలో తెలియని ప్రజలు అటువంటి కొట్లాటలోకి మళ్ళీ సులువుగా దిగుతారు. చారిత్రక చిత్రం ఆ వెదుకులాట నేర్పాలి. నేర్పని చిత్రం ఎంత వైభవంగా ఉన్నా చరిత్ర కానేరదు.