వేలిముద్ర వేసినంత మాత్రాన

2009 జులైలో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలు వేయడం మొదలుపెట్టారు. నడిపించింది పాత్ అనే అమెరికా సంస్థ. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో వేశారు. తిరుమలాయపాలెం మన నేలకొండపల్లి ఉన్న పాలేరు నియోజకవర్గంలోదే. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు వాళ్లలో ఎందరో. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. టీకా వల్ల కాదని విచారణ కమిటీ అన్నది. ఆ వాదనలోకి ఇప్పుడు పోను. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన లెక్క చూడండి: 9,543 ఒప్పుదల కాయితాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

వార్డెను పిల్లకు అన్నం పెడతాడు, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోతాడు. అంతమాత్రాన తల్లి బదులు ఒప్పుకునే హక్కు వస్తుందా? తల్లి ఊళ్లోనే ఉంది. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరమూ కాదు. కబురు పంపి అడిగితే సరిపోయేది.

ముందే తేదీ అనుకున్న ఆపరేషన్లకూ ఇదే ప్రశ్న. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆమె ఒప్పుకున్నది లోపల గొట్టం పెట్టి చూసే పరీక్షకు. మత్తులో ఉండగా బయటున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. రోగి తెలివిలోకి వచ్చేదాకా ఆగి అడగాల్సింది, తల్లి మాట చెల్లదు అన్నది కోర్టు. ఢిల్లీలో చదువుకున్న మనిషికే అలా జరిగితే, తెలుగు సరిగా రాని కోయ అక్క సంగతేమిటి?

ఆసుపత్రి వాళ్ల మాటా వినాలి. "ఎంత చెప్పినా 'మీ ఇష్టం సారూ' అంటారు, మేమేం చెయ్యాలి?" అంటారు. అబద్ధం కాదు. మనవాళ్లు నమ్మి అప్పజెప్పుతారు. నమ్మకం కూడా ఒప్పుదలే కదా అనొచ్చు. నా లెక్కలో, వద్దు అనడానికి వీలున్నప్పుడే అది ఒప్పుదల. వద్దంటే కసురుతారనో, మంచం ఖాళీ చేయమంటారనో భయపడి తలూపితే అది నమ్మకం కాదు, లొంగుబాటు.

థియేటరు తలుపు దగ్గర, బట్టలు మార్చాక, చేతికి సూది గుచ్చాక కాయితం పట్టుకొస్తే ఎవరు వద్దంటారు? రెండు రోజుల ముందే చెప్పాలి. మన గూడెంలో పెద్ద పని ఏదైనా నలుగురు కూర్చుని మాట్లాడుకునే చేస్తారు, ఆ వ్యవధి ఇవ్వాలి. అయితే చివరి మాట భర్తది కాదు, కోత పడే మనిషిది. కోయ మాట, లంబాడ మాట తెలిసిన ఆశా కార్యకర్తో, ఆయమ్మో పక్కన ఉండాలి. "అర్థమైందా?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు అందరూ "అయింది" అనే అంటారు. "నీకేం చేస్తారో నువ్వు చెప్పమ్మా" అని అడగాలి. ఏం తీసేస్తారు, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఎన్నాళ్లు కూలికి పోకూడదు, ఆమె తన మాటల్లో చెప్పగలిగాక కాయితం ముందు పెట్టొచ్చు.