రచనకు గడువు, రచయితకు తీరిక

ముప్ఫయి రోజుల్లో నూరు పేజీల స్క్రీన్‌ప్లే రాయటం సాధ్యమా అని ఎవరైనా అడిగితే, సాధ్యమేనని వెంటనే చెప్పవచ్చు. రోజుకు మూడు పేజీల పైచిలుకు రాసుకుంటూ పోతే లెక్క సరిపోతుంది. అయితే లెక్క సరిపోవటంతో ప్రశ్న తీరదు. అలా రాయటం ఉచితమేనా? అలా పుట్టినది రచన అనిపించుకుంటుందా? అలా రాసే తీరిక మన సమాజంలో ఎవరికి ఉంది? మొదటి చూపుకు ఇవి శిల్పానికి సంబంధించిన ప్రశ్నలుగా కనిపిస్తాయి. తరచి చూస్తే, శ్రమకూ కాలానికీ నీతికీ సంబంధించిన ప్రశ్నలని తేలుతుంది.

ఈ పందెం పుట్టింది అమెరికాలో. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే అతనూ, అతని మిత్రులు కొందరూ ఒక నెలలో ఒక్కొక్క నవల రాయాలని పంతం పట్టారు. క్రమంగా అది నవంబరు నెలలో యాభైవేల మాటల నవల రాసే వార్షిక కార్యక్రమమై అనేక దేశాలకు పాకింది. దానిని నడిపిన సంస్థే 2007లో "స్క్రిప్ట్ ఫ్రెంజీ" పేరుతో సినిమాకూ నాటకానికీ మరో పందెం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది నుంచి దాని లెక్క ఏప్రిల్ నెల, నూరు పేజీలు. స్క్రీన్‌ప్లేలో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషమని సినిమావారి లెక్క కాబట్టి, నూరు పేజీలంటే ఇంచుమించు ఒక చిన్న సినిమా. 2012తో ఆ పందెం ఆగిపోయింది. మూల సంస్థ కూడా మూతపడుతున్నట్టు 2025లో ప్రకటించింది. సంస్థలు పోయినా అలవాటు మాత్రం నిలిచింది. హైదరాబాదులో మా ప్రగతి నగర్ నుంచి రోజూ జె.ఎన్.టి.యు. కూడలి మీదుగా హైటెక్ సిటీకి పోయి, చీకటిపడ్డాక ఇల్లు చేరే యువతీయువకులలో సినిమా రాయాలనే కోరిక ఉన్నవారు తక్కువేమీ లేరు. వాళ్ళలో కొందరు తమంతట తాము ఒక నెల నిర్ణయించుకుని, ఇద్దరు ముగ్గురు జట్టుగా చేరి, ఈ పందెం కాస్తున్నారు.

వీళ్ళను చూసి నవ్వే సాహిత్యపరులు ఉన్నారు. కళను గజంబద్దతో కొలవటమేమిటని వారి ఆక్షేపణ. ప్రేరణ కలిగినప్పుడు రాయాలి, లేనప్పుడు ఊరుకోవాలి అంటారు. ఈ మాట వినటానికి గంభీరంగానే ఉంటుంది. కాని ప్రేరణ కోసం ఎదురుచూస్తూ కూర్చునే అవకాశం చరిత్రలో ఎవరికి ఉండింది? మాన్యాలూ అగ్రహారాలూ ఉన్నవారికి ఉండింది. పొట్టకూటికి పనిచేస్తూ రాసినవారందరూ ఏదో ఒక గడువుకు లోబడి రాసినవారే. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా "చందమామ"లో పనిచేశారు. నెలనెలా పత్రిక పిల్లల చేతికి అందవలసిందే. ప్రేరణ రాలేదని ఒక నెల పత్రిక ఆపిన సంపాదకుడు ఎవరూ లేరు. ఆ నెలసరి గడువు కుటుంబరావు వచనాన్ని చెడగొట్టలేదు. ఆ గడువుకు అవతల ఎదురుచూసే పిల్లలున్నారు, అందుకే ఆ వచనం అంత తేటగా ఉందని కూడా అనవచ్చు. మన అవధానులు సభలో నిలబడి పృచ్ఛకుడు ఇచ్చిన సమస్యకు అప్పటికప్పుడు పద్యం చెప్పారు. వేగం కళకు పుట్టు శత్రువైతే మన సాహిత్య చరిత్రలో చాలా పుటలు చింపివేయవలసి వస్తుంది.

కనుక గడువు ఉండటం దోషం కాదు. ఆ గడువును ఎవరు పెట్టారు, ఎవరి ప్రయోజనం కోసం పెట్టారు అన్నదే విచారించవలసిన విషయం. ఇందుకు దోస్తయేవ్‌స్కీ జీవితంలో మంచి ఉదాహరణ ఉంది. అప్పుల పాలై ఉన్న ఆయన 1865లో స్టెలోవ్‌స్కీ అనే ప్రచురణకర్తతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. 1866 నవంబరు 1 నాటికి కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్ళపాటు ఆయన రచనలను పైసా ఇవ్వకుండా ప్రచురించుకునే హక్కు ప్రచురణకర్తకు పోతుంది. గడువు నెల రోజుల్లో ఉందనగా ఒక్క పేజీ కూడా లేదు. అప్పుడు అన్నా స్నీత్కినా అనే సంక్షిప్తలేఖకురాలిని పెట్టుకుని, ఇరవై ఆరు రోజుల్లో "జూదరి" నవలను చెప్పి రాయించాడు. బయటినుంచి చూస్తే ఇదీ ఒక నెల పందెమే. అయితే ఆ ఇరవై ఆరు రోజులు ఆయన కోరి ఎంచుకున్నవి కావు. మెడమీద కత్తి పెట్టి రాయించుకున్నవి. ఆ నవల బాగుండటం రచయిత ప్రతిభకు సాక్ష్యం. ఆ ఒప్పందం న్యాయమైనదని చెప్పటానికి మాత్రం సాక్ష్యం కాదు. రచన గొప్పదైతే దానిని రాయించిన దౌర్జన్యం కూడా మంచిదేనని వాదించేవారిని చూస్తూనే ఉన్నాం. తాజ్‌మహలు అందంగా ఉంది కాబట్టి వెట్టిచాకిరీ కూడా అందమైనదే అన్నట్టుంటుంది ఆ వాదం.

మిల్టన్ గురించి మార్క్స్ చేసిన విశ్లేషణ ఇక్కడ అక్కరకు వస్తుంది. పట్టుపురుగు పట్టు తీసినంత సహజంగా మిల్టన్ తన కావ్యాన్ని రాశాడు. అది అతని స్వభావం చేసిన పని. ఆ తరువాత దానిని అయిదు పౌన్లకు అమ్ముకున్నాడు. ప్రచురణకర్త ఆజ్ఞ మీద పుస్తకాలు తయారుచేసే కూలి రచయిత పని అలాంటిది కాదు. అతని రచన మొదటి అక్షరంనుంచే పెట్టుబడి అదుపులో ఉంటుంది. ఇద్దరూ కలమే పట్టారు, ఇద్దరూ కాగితమే నింపారు. తేడా అల్లా ఆ శ్రమ ఎవరిది అన్నదానిలో ఉంది.

ఈ దృష్టితో మన ప్రగతి నగర్ యువకుల వంక చూద్దాం. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటినుంచి ఈ ప్రాంతంలో ఒక కొత్త శ్రామికవర్గం పెరిగింది. దాని చేతికి మసి అంటదు కాబట్టి తాను శ్రామికవర్గాన్నని చాలాకాలం అది అనుకోలేదు. ఆ ఆఫీసులలో పనిని రెండు వారాల ముక్కలుగా కోసి ఒక్కొక్క ముక్కకు "స్ప్రింట్" అని పేరు పెట్టారు. పరుగు పందెమన్నమాట. ఎవరు ఎంత చేశారో ప్రతి ఉదయం లెక్క చెప్పాలి. పగలంతా ఇలా పరిగెత్తినవాడు రాత్రి ఇంటికి వచ్చి మళ్ళీ ఇంకొక పరుగు పందెంలో ఎందుకు దిగుతున్నాడు? విచిత్రంగా కనిపించినా దీనికి కారణం ఉంది. పగటి పరుగులో అతను చేసినదేదీ అతనిది కాదు. రాత్రి రాసే మూడు పేజీలు అతనివి. తన శ్రమ తనదేనని రుజువు చేసుకోవటానికి అతనికి దొరికిన చోటు అదొక్కటే. ఆ మేరకు ఈ పందెంలో ఒక తిరుగుబాటు ఛాయ ఉంది. దానిని వెక్కిరించటం తప్పు.

అయితే తిరుగుబాటు చేసేవాడి చేతిలో తరచుగా యజమాని కొలబద్దే ఉంటుంది. "ఇవాళ ఎన్ని పేజీలయ్యాయి?" అన్న ప్రశ్న, "ఇవాళ నా పాత్ర గురించి నాకు కొత్తగా ఏం తెలిసింది?" అన్న ప్రశ్నను మింగేస్తే, రాత్రి కూడా ఆఫీసు కిందకే పోయిందని అర్థం. ఈ ప్రమాదాన్ని నేడు యంత్రమే మన ఎదుట రుజువు చేస్తున్నది. నూరు పేజీలు నింపటమే పరమార్థమైతే, కృత్రిమ మేధ ఆ పని కొద్ది నిమిషాల్లో చేసిపెడుతుంది. నవలల పందెం నడిపిన అమెరికా సంస్థ 2024లో ఈ యంత్రాల వాడకాన్ని మొత్తంగా ఖండించటంలో వర్గ దురభిమానం ఉందని ఒక ప్రకటన చేసి, రచయితల ఆగ్రహానికి గురయింది. పేదవానికి సహాయం కావాలన్న మాట నిజమే. కాని అతనికి దక్కకుండా పోయినది రాసే శక్తి కాదు, రాసే కాలం. కాలం ఇవ్వకుండా యంత్రాన్ని ఇవ్వటం, ఆకలిగొన్నవాడికి బదులుగా ఇంకొకడు అన్నం తినిపెట్టటం లాంటిది. శ్రమ ద్వారా మనిషి ప్రకృతిని మారుస్తూ తన స్వభావాన్ని కూడా మార్చుకుంటాడని మార్క్స్ అన్న సంగతి గుర్తుంచుకుంటే, ముప్ఫయి రోజుల పనిలో తయారయ్యేవి రెండని తెలుస్తుంది. ఒకటి నూరు పేజీలు. రెండవది, ఆ పేజీలు రాసిన మనిషి. యంత్రం మొదటిదాన్ని ఇస్తుంది, రెండవదాన్ని ఇవ్వలేదు.

అంతమాత్రాన నెలాఖరున చేతికొచ్చిన ప్రతిని పట్టుకుని నిర్మాత దగ్గరికి పరిగెత్తవచ్చునా? ఈ ప్రశ్నకు గురజాడ జీవితమే సమాధానం. "కన్యాశుల్కం" 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. జనం మెచ్చారు. మెచ్చినదానిని అలాగే వదిలేయక, గురజాడ దానిని పెంచి, తిరగరాసి, 1909లో దాదాపు కొత్త నాటకంగా బయటికి తెచ్చాడు. మనం ఇవాళ ఎరిగిన మధురవాణి నిండు రూపం ధరించింది ఆ రెండవ కూర్పులోనే. మొదటి ప్రతిలో సమస్య ఉంది. రెండవ ప్రతిలో సమాజం ఉంది. ఒక దురాచారం మీద కోపంతో మొదటిది రాయవచ్చు. ఆ దురాచారంలో బతికే మనుషులందరినీ, చివరికి దుర్మార్గులను కూడా, లోపలినుంచి చూడటానికి పన్నెండేళ్ళు పట్టింది. నెల పందెం మనకు మొదటి ప్రతిని ఇవ్వగలదు. రెండవ ప్రతికి ఏ పందెమూ సరిపోదు.

నవలకన్నా, నాటకంకన్నా స్క్రీన్‌ప్లే విషయంలో ఈ తిరగరాత మరింత పెద్ద బాధ్యత. కారణం ఆ ప్రక్రియ స్వభావంలోనే ఉంది. నవలారచయిత తొందరపడి నాలుగు పేజీలు పాడుచేస్తే నష్టపోయేది పాఠకుడి గంట కాలం. స్క్రీన్‌ప్లే మాత్రం పాఠకుడి కోసం రాసేది కాదు. అది ఇరవైనాలుగు శాఖల కార్మికులకు ఇచ్చే పని పట్టీ. "రాత్రి. వర్షం. వీధి నిండా జనం." అని రాయటానికి రచయితకు అర నిమిషం పడుతుంది. ఆ మూడు ముక్కలను తెర మీదికి తేవటానికి లైట్లు మోసేవారు, నీళ్ళ ట్యాంకరు తెచ్చేవారు, తడిసి నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, దుస్తులవారు, వంటవారు తెల్లవార్లూ మేలుకుంటారు. కథకు ఆ వర్షం అవసరమైతే ఆ మేలుకోలుకు అర్థం ఉంది. పేజీ నిండటం కోసం కురిసిన వర్షమైతే, అది అందరి నిద్రనూ దొంగిలించిన వర్షం. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు ముప్ఫయి శాతం వేతనం పెంచాలని రెండు వారాలకు పైగా సమ్మె చేసినప్పుడు పత్రికలు ఆగిపోయిన షూటింగుల లెక్కలు రాశాయి. ఆ కార్మికుల రాత్రులు మొదట ఖర్చయ్యేది రచయిత కాగితం మీదనేనని ఎవరూ రాయలేదు. తన గడువును తానే పెట్టుకునే హక్కు రచయితకు ఉంది. ఇతరుల కాలాన్ని ఆలోచన లేకుండా ఖర్చుపెట్టే హక్కు లేదు. నా ఉద్దేశంలో ఈ మొత్తం ప్రశ్నలోని నీతి అంతా ఇక్కడ ఉంది.

ఇదే నీతికి మరొక ముఖం ఉంది. రచయిత కాలాన్ని ఇతరులు దోచుకోకుండా ఉండాలి. 2023లో అమెరికా సినీ, టెలివిజన్ రచయితలు మే 2 నుంచి సెప్టెంబరు 27 దాకా 148 రోజులు సమ్మె చేశారు. వేతనాల పెంపుతోపాటు వారు సాధించినవాటిలో రెండు మన చర్చకు సంబంధించినవి. యంత్రం రాసినదానికి రచయిత హోదా ఉండదన్నది ఒకటి. రచయితలను కొద్ది వారాలు వాడుకుని పంపివేయకుండా, కనీస సంఖ్యకూ కనీస కాలానికీ హామీ అన్నది రెండవది. అంటే రచయితలు సంఘంగా ఏర్పడి అడిగినది డబ్బుతోపాటు వారాలను కూడా. స్వచ్ఛంద పందెంలో ఏకాంతంగా కష్టపడే మన యువకుడు గ్రహించవలసిన పాఠం ఇది. ఒంటరిగా నిద్ర మానుకుని సంపాదించిన కాలం ఆరోగ్యాన్ని తింటుంది. కలిసి పోరాడి సంపాదించిన కాలమే నిలుస్తుంది.

ఇక చివరి ప్రశ్న. ఈ నెల రోజులు ఎవరికి దొరుకుతాయి? ప్రగతి నగర్‌లో స్క్రీన్‌ప్లే రాసే యువకుడి అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ కుటుంబం ఒకటి ఉంటుంది. ఊరు విడిచి వచ్చిన ఆ మనిషి జీవితం కథగా బాగుంటుందని యువకుడికి తోస్తుంది. రాయవచ్చు, రాయాలి కూడా. కాని ఆ వాచ్‌మన్, నాలుగిళ్ళలో అంట్లు తోమే అతని భార్య, తమ కథను తామే ఎందుకు రాయటంలేదు? చెప్పేందుకు మాటలు లేక కాదు. రోజులో వారిదంటూ ఒక గంట లేక. అదే భవనంలో ఆఫీసు పని ముగించుకుని ఇంటి పనిలోకి దిగే స్త్రీకి కూడా ముప్ఫయి రోజులు నెలలోనే ఉన్నాయి గాని, చేతిలో లేవు. అందుచేత ఎవరు కథ రాస్తారో, ఎవరు కథలో పాత్రగా మిగిలిపోతారో ప్రతిభ ఒక్కటే నిర్ణయించదు. పని గంటలు నిర్ణయిస్తాయి. 1886లో షికాగో కార్మికులు ఎనిమిది గంటల పని దినం కోరినప్పుడు ఈ సంగతి ఎరిగే కోరారు. ఈ సంగతి ఎరిగే పెట్టుబడిదారులు ఇవాళ వెనక్కి లాగుతున్నారు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువకులు వారానికి డెబ్భై గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం, వారానికి నలభై ఎనిమిది గంటల పరిమితి ఉంచుతూనే, వాణిజ్య సంస్థలలో రోజు పనిని పది గంటలదాకా పొడిగించటానికి అనుమతించింది. వీటిని కార్మిక సమస్యలనుకుని సాహిత్యపరులు పక్కకు తప్పుకోవటం తగదు. ప్రతి అదనపు గంటా పుట్టకుండా పోయిన ఒక పేజీ.

కాబట్టి నెల పందెం కాసే మన విద్యార్థులను నిరుత్సాహపరచవద్దు. మొదటి ప్రతిని ధైర్యంగా, వేగంగా రాయమందాం. రాసిన తరువాత పేజీల సంఖ్య మరిచిపోయి, ఒక్కొక్క దృశ్యం దగ్గరా ఆగి, దీనికోసం ఎవరు ఎన్ని గంటలు పనిచేయాలి, ఆ గంటలకు తగిన సత్యం ఇందులో ఉందా అని అడుక్కోమందాం. ఆ ప్రశ్నకు తట్టుకోలేని దృశ్యాన్ని కొట్టివేయటం నేర్పుదాం. రాయటానికి తీరిక లేనివారి తీరిక కోసం జరిగే పోరాటంలో రచయితగా తానూ నిలబడాలని చెబుదాం. ప్రగతి అన్న పేరు ఒక నగరానికి పెట్టుకోవటం తేలిక. అక్కడి వాచ్‌మన్ కూడా తన కథ తానే రాసుకోగల రోజున ఆ పేరుకు అర్థం వస్తుంది.