దాత వెళ్ళిన పిదప

దాత జీవించియున్నంతకాలము కృతజ్ఞత చూపుట సులభము. ఆ దాత వెళ్ళిన పిదప గ్రహీతకు మిగులు ధర్మమేది?

మా పత్తికొండలో 1827వ సంవత్సరమున సర్ థామస్ మన్రో కలరా సోకి మరణించెను. ఆయన జ్ఞాపకార్థము ఇచట బావి త్రవ్వించి తోపు నాటించిరి. వాన కఱవైన సీమలో పేరు నిలుపుటకు నీటిని మించిన సాధనము లేదు. పదిమందికి ఉపయోగపడునదే నిజమైన స్మృతి.

ఈ మాట తలచినపుడు కావేరీతీరమందలి తిరువయ్యారు జ్ఞప్తికి వచ్చును. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి సమాధి కాలక్రమమున శిథిలమయ్యెను. దేవదాసీకులమున 1878లో జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మ ఆ సంగతి విని, తాను గానముచే ఆర్జించిన ధనమును వెచ్చించి, 1925 నాటికి అచట మందిరమును నిర్మింపజేసెను. స్వామిపై సంస్కృతమున అష్టోత్తర శతనామావళిని సైతము రచించెను.

భగవత్కైంకర్యముకంటె భాగవతకైంకర్యము గొప్పదని మన ఆచార్యుల ఉపదేశము. మధురకవి యాళ్వారు నమ్మాళ్వారునే దైవముగా కొలిచి తరించెను. రామభక్తుని సేవించిన నాగరత్నమ్మయు ఆ త్రోవనే నడచెను.

అయినను ఒక సంగతి మనస్సును కలచును. ఆమె కట్టించిన మందిరముననే నాటి ఉత్సవ నిర్వాహకులు స్త్రీలకు గానావకాశ మీయలేదు. ఆమె అలిగి వెడలిపోలేదు. ఇచ్చినది తిరిగి అడుగలేదు. 1927లో స్త్రీలచేతనే వేరుగా ఆరాధన జరిపించెను. 1940లో పక్షములన్నియు ఏకమయ్యెను.

ధనమును గ్రహించి దాతను వాకిట నిలుపుట కృతఘ్నత కాదా? కానుకకు లేని అంటు కానుక ఇచ్చిన చేతికి ఎట్లు వచ్చును? శాస్త్రము చదివిన మావంటివారు ఈ ప్రశ్నకు ముందుగా తలవంచవలెను.

నాగరత్నమ్మ 1952లో పరమపదించెను. స్వామి సన్నిధికి అభిముఖముగా ఆమె సమాధి నేటికిని కలదు. పుష్యబహుళ పంచమినాడు అచట పాడు స్త్రీల కంఠములే ఆమెకు నిజమైన తర్పణము.

భక్తులారా! మన యూరి గుడిలో దీపమునకు నూనె యిచ్చిన తల్లి ఎవరో, ఆమెను ఏ చోట నిలిపితిమో ఒక్కమారు తలచికొందము. శిలాఫలకముపై పేరు చెక్కుట సులభము. ఆ తల్లివంటివారికి సన్నిధిలో చోటిచ్చినపుడే ఆమె ఋణము తీరును.